పేర్లు చెరిగిన ఫ్లాస్కులు

"ఆగండి! ఆ పిపెట్టు కింద పెట్టండి!"

ఆ కేకకి ఆమె చేతిలోని పిపెట్టు జారబోయింది. వెనక్కి తిరిగి చూస్తే తలుపు దగ్గర ఒక యువకుడు. చేతులకి గ్లవ్స్, ముఖానికి మాస్కు. ఇల్లు అంటుకుందని కబురొచ్చినవాడిలా నిలబడి ఉన్నాడు.

"ఏమైంది?" అంది ఆమె.

"ఒట్టి చేతులతో ముట్టుకున్నారు."

"ముట్టుకుంటే?"

"అది ఆర్‌ఎన్‌ఏ పిపెట్టు. ఇది ఆర్‌ఎన్‌ఏ బల్ల. పైన బోర్డు చూడలేదా?"

ఆమె తలెత్తి చూసింది. 'గ్లవ్స్ లేకుండా తాకరాదు. తుమ్మరాదు. మాట్లాడరాదు' అని రాసి ఉంది.

"మాట్లాడకూడదని రాసుకుని మీరే అరుస్తున్నారు."

"నాకు మాస్కు ఉంది."

"మా గదిలో పిపెట్టు రిపేరుకి వెళ్లింది. రెండు చుక్కలు కొలుచుకుని పోదామని వచ్చాను. ఇంత మడి అని తెలిస్తే తలస్నానం చేసి తడిబట్టలతో వచ్చేదాన్ని."

పక్క బల్ల దగ్గర ఎవరో కిసుక్కున నవ్వారు. సాయంత్రానికల్లా ఆ అంతస్తులో అతని పేరు మడిబాబుగా మారిపోయింది.

నిజానికి అతని వైపు న్యాయం ఉంది. జన్యువు తన పని జరిపించుకోవాలంటే ఆర్‌ఎన్‌ఏ రూపంలో ఆర్డరు పంపుతుంది. ఆ ఆర్డరు చూసి కణం ప్రోటీన్ తయారు చేస్తుంది. మడిబాబు పని ఆ ఆర్డర్లని కొలవడం. మనిషి చేతి చెమటలో ఉండే ఎంజైములు ఆర్‌ఎన్‌ఏని చూస్తూ ఉండగానే తినేస్తాయి. ఒక్క వేలిముద్ర పడితే వారం పని గంగలో కలుస్తుంది. అందుకే అతను కుర్చీ చేతుల్ని కూడా స్పిరిట్‌తో తుడిచి కూర్చుంటాడు.

"ఇంతకీ ఏ ల్యాబ్ మీది?" అని అడిగాడు, ఆమె ముట్టుకున్న పిపెట్టుని తుడుస్తూ.

"కింది అంతస్తు. కణంలో ప్రోటీన్లు ఎలా ముక్కలవుతాయో చూస్తాం."

"ఓహో. కూల్చివేతల శాఖా?"

"అవును. అవసరమైతే బల్లలు కూడా కూలుస్తాం," అని ఆమె మెట్లు దిగి వెళ్లిపోయింది.

అక్కడితో ఆగిపోవాల్సిన పరిచయమే అది. కానీ ఆమెకి ఒక చిక్కు ఉంది.

నాలుగేళ్లుగా ఆమె ఒకే ఒక్క ప్రోటీన్ వెంట పడింది. ఈస్ట్ కణం రెండు కావాలంటే దానికి కొన్ని జన్యువులు తెరుచుకోవాలి. ఆ జన్యువుల మీద ఒక ప్రోటీన్ కూర్చుని ఉంటుంది. ల్యాబ్‌లో దాన్ని కాపలావాడు అంటారు. వాడు ఉన్నంతసేపు జన్యువులు నోరు విప్పవు, కణం కదలదు. సమయం వచ్చినప్పుడు కణమే వాడి వీపుకి ఒక చిన్న చీటీ లాంటి గుర్తు అంటిస్తుంది. గుర్తు పడ్డవాణ్ణి ముక్కలు చేసే యంత్రం ఒకటి కణంలోనే ఉంది. అది వాణ్ణి లాగేసుకుంటుంది. కాపలా పోయాక జన్యువులు తెరుచుకుంటాయి, తల్లి కణం పక్కన మొగ్గ పుడుతుంది, ఆ మొగ్గే పిల్ల కణం అవుతుంది.

ఇది ఆమె వాదన. వాదనని పరీక్షించడానికి ఆమె కాపలావాడిలో చిన్న మార్పు చేసి, చీటీ అంటని రకాన్ని తయారు చేసింది. ఆ రకం చెక్కుచెదరకుండా ఉంటుందని ఇదివరకే చూపించింది కూడా. అలాంటి కాపలావాడు ఉన్న కణాలకి మొగ్గలు రాకూడదు. రాలేదనే ఆమె లెక్కలు చెప్పాయి.

కిందటేడు పీహెచ్‌డీ కమిటీలో ఒక పెద్దాయన ఆ లెక్కల్ని పక్కకి నెట్టేశాడు. వెనకాల అందరూ ఆయన్ని సందేహాల సార్ అంటారు.

"అమ్మాయ్, నీ కాపలావాడు పోవడం ఫలితమే కానీ కారణం కాదు. వాడి జన్యువు ఆర్డర్లు పంపడం మానేస్తుంది. కొత్త సరుకు రాదు, పాతది అరిగిపోతుంది. నువ్వు చూస్తున్న కూల్చివేత చివర్లో ఊడ్చే చీపురు మాత్రమే."

"మరి మొగ్గల లెక్క సార్?"

"ఏ ఫ్లాస్కులో ఏముందో తెలిసి లెక్కపెట్టావు. చిన్న మొగ్గని మొగ్గ అనాలా, గీత అనాలా? కావాలనుకున్నవాళ్లకి కనిపిస్తుంది, వద్దనుకున్నవాళ్లకి కనిపించదు."

వచ్చే కమిటీలోపు తేల్చకపోతే ఈ ప్రాజెక్టు మూసేసి ఇంకొకటి ఇద్దామని తీర్మానం చేశారు. అంటే నాలుగేళ్లు బూడిదలో పోసిన పన్నీరు. మళ్లీ అ ఆల నుంచి మొదలు.

"ఆర్డర్లు ఆగాయో లేదో చూపించాలంటే ఆర్‌ఎన్‌ఏ కొలిచేవాళ్లు కావాలి," అంది ఆమె గైడ్ మేడం. "పై అంతస్తులో ఒకతను ఉన్నాడు. చాలా జాగ్రత్త మనిషి. వెళ్లి అడుగు."

"అతను తప్ప ఇంకెవరూ లేరా మేడం?"

"ఏం, తెలుసా?"

"తెలుసు," అంది ఆమె నీరసంగా.

మడిబాబు వినడం పూర్తిగా విన్నాడు. విన్నాక తల అడ్డంగా ఊపాడు.

"సాయం చేస్తాను. కానీ మీ వాదన నేను నమ్మను. సామాను తగ్గిందంటే తయారీ ఆగిందని అర్థం. ఇందులో కూల్చడానికి పనేముంది?"

"మీరు బస్సెక్కుతారా?"

"ఎక్కుతాను."

"సీటు ఖాళీ కావాలంటే లోకంలో మనుషులు పుట్టడం ఆగేదాకా చూస్తారా, కూర్చున్నవాడు దిగేదాకా చూస్తారా?"

అతను నోరు తెరిచి మూశాడు. మాస్కు ఉండటం వల్ల అది ఎవరికీ కనిపించలేదు కానీ ఆమెకి అర్థమైంది.

"సరే," అన్నాడు చివరికి. "గ్లవ్స్ వేసుకోవాలి. నా బల్ల దగ్గర తుమ్మకూడదు."

"తుమ్మొస్తే?"

"కింది అంతస్తుకి పరుగెత్తాలి."

అలా పని మొదలైంది. ఆమె కణాలు పెంచేది, అతను ఆర్‌ఎన్‌ఏ తీసేవాడు. ఆమె ట్యూబులన్నీ ఐసులో గుచ్చి పెట్టేది, అతను ఆ ఐసు డబ్బాని కూడా తుడిచేవాడు. ఆమె పాటలు పాడుతూ పని చేసేది. మొదటి వారం అతను బోర్డు వైపు చూపించాడు. రెండో వారం చూపించడం మానేశాడు. ఆ తర్వాత ఒకరోజు ఆమె పాట మధ్యలో ఆపితే తలెత్తి, "రెండో చరణం లేదా?" అన్నాడు.

ఒక సాయంత్రం ఇద్దరూ బయటికి వచ్చేసరికి వాన. గొడుగు ఒకటే ఉంది, అది అతనిది. ఆమె ఇల్లు రెండు వీధుల అవతల. మెయిన్ రోడ్డు మీదికి వచ్చాక ఎదురొచ్చేవాళ్లంతా తమనే చూస్తున్నట్టు ఆమెకి అనిపించింది.

"ఎందుకు ఇలా చూస్తున్నారు?" అన్నాడు అతను. "గొడుగులో ఇద్దరు నడవడం ఎప్పుడూ చూడలేదా?"

"గొడుగుని కాదు. మీ చేతుల్ని."

అతను చూసుకున్నాడు. గ్లవ్స్ తీయడం మరిచిపోయి వచ్చేశాడు.

"దొంగతనానికి వెళ్తున్నామనుకుంటున్నారు. తీసేయండి."

"చేతిలో గొడుగుంది. ఎలా తీయను?"

ఆమె గొడుగు అందుకుంది. అతను గ్లవ్స్ తీసి జేబులో పెట్టుకున్నాడు కానీ గొడుగు వెనక్కి తీసుకోలేదు. ఆమె పొట్టి. గొడుగు అతని నెత్తికి తగులుతోంది. వంగి నడిచాడు.

ఆమె ఇంటి ముందుభాగమే ఆమె తండ్రి దర్జీ దుకాణం. అమ్మ పోయాక ఆ ఇంట్లో తండ్రీ కూతుళ్లిద్దరే. మిషను మీద కూర్చున్న నాన్న కళ్లజోడు పైనుంచి ఇద్దర్నీ చూశాడు. అతను మెట్టు కూడా ఎక్కకుండా నమస్కారం పెట్టి, గొడుగు ఆమె చేతిలోనే వదిలేసి, వానలో వెళ్లిపోయాడు.

"ఎవరమ్మా ఆ అబ్బాయి?"

"ల్యాబ్‌లో పని చేస్తాడు నాన్నా."

"గొడుగు మనకిచ్చి తడుస్తూ పోతున్నాడేం?"

"కొంచెం తిక్క."

నాన్న మళ్లీ మిషను తొక్కడం మొదలుపెట్టాడు. "కమిటీ ఎప్పుడు?"

"వచ్చే వారం."

"అయిపోతుందంటావా?"

"అవ్వాలి నాన్నా. కాకపోతే మళ్లీ మొదటికొస్తుంది."

ఆమె తడిసిన గొడుగుని మూలకి ఆనించింది. నాన్న తొక్కడం ఆపాడు. సూదిలో దారం సరిచేసుకున్నాడు.

అసలు ప్రయోగానికి ఎనిమిది ఫ్లాస్కులు పెట్టారు. కొన్నిట్లో మామూలు కాపలావాడు, మిగతావాటిలో చీటీ అంటని కాపలావాడు. కణాలన్నీ ఒకే గీత దగ్గర ఆగేలా మందు వేస్తారు. పొద్దున మందు కడిగేస్తే అన్నీ ఒకేసారి బయల్దేరతాయి. అప్పటినుంచి కాసేపటికోసారి నమూనాలు తీయాలి. కమిటీకి ఇంకా రెండు రోజులుంది. ఫ్లాస్కులు తిరిగే యంత్రంలో టేపు అంటిస్తే తడికి ఊడిపోతుంది కాబట్టి ఆమె ఎప్పుడూ గాజు మీదే మార్కరుతో పేర్లు రాస్తుంది.

ఆ పొద్దున ఆమె గదిలోకి అడుగుపెట్టేసరికి ఫ్లాస్కులు వరసగా బల్ల మీద ఉన్నాయి. గాజు తళతళ మెరుస్తోంది. అతను చేతిలో స్పిరిట్ సీసాతో, గుడ్డతో నిలబడి ఉన్నాడు. గుడ్డ నల్లగా ఉంది.

"తొందరగా వచ్చాను," అన్నాడు. "మీకు పని తగ్గుతుందని బయటికి తీసి, అన్నీ తుడిచి పెట్టాను."

ఆమె ఒక ఫ్లాస్కు తీసి తిప్పి చూసింది. ఇంకొకటి తీసింది.

"పేర్లేవి?"

"ఏ పేర్లు?"

"గాజు మీద రాసిన పేర్లు."

అతను గుడ్డ వైపు చూశాడు. ఆ తర్వాత అతని చెయ్యి కిందికి వాలిపోయింది.

"ఏది మామూలుదో ఏది మార్చిందో... ఏమైనా తేడా కనిపిస్తుందా?"

"పైకి ఏమీ కనిపించదు. అన్నీ ఒకటే బురద."

"మళ్లీ పెంచితే?"

"కమిటీ అయిపోతుంది."

ఆమె స్టూలు మీద కూర్చుంది. ఏడుపు రాలేదు, కోపమూ రాలేదు. నాలుగేళ్లు ఆ నల్లగుడ్డలో ఉన్నట్టు దానివైపే చూస్తూ ఉండిపోయింది.

"తిట్టండి," అన్నాడు అతను. "తిడితే నాకు కొంచెం బాగుంటుంది."

"మీకు బాగుండాలని నేనెందుకు తిట్టాలి?"

"డీఎన్ఏ విభాగంలో నాకు తెలిసిన అక్క ఒకామె ఉంది. ఒక్కో ఫ్లాస్కు నుంచి ఒక చుక్క ఇస్తే ఏది ఏదో చదివి చెప్పేస్తుంది. బతిమాలితే ఈ సాయంత్రానికే చెబుతుంది. చెప్పగానే మళ్లీ పేర్లు రాసుకుందాం. మనం ఈలోపు నమూనాలు తీస్తూ ఉందాం. నష్టం ఉండదు. అక్క కాళ్లు నేను పట్టుకుంటాను."

అతను తలుపు దాకా వెళ్లాడు. ఆమె లేచి నిలబడింది.

"ఆగండి. చెప్పొద్దనండి."

"ఏంటి?"

"అక్కని చదవమనండి. కానీ మనకి చెప్పొద్దనండి. ఫలితం కమిటీ రోజు పొద్దున నేరుగా సందేహాల సార్‌కి పంపమనండి."

"మీకు మతి పోయిందా?"

"తెలిసి లెక్కపెట్టానన్నారు కదా ఆయన. ఇప్పుడు నాకేమీ తెలియదు. మీకూ తెలియదు. ఎవరికీ తెలియదు. నేను మొగ్గలు చూసి చెబుతాను ఏది ఏదో. మీరు తెరుచుకున్న జన్యువుల ఆర్‌ఎన్‌ఏ చూసి చెప్పండి. కాపలావాడు పోతేనే కణం కదులుతుందన్నది నిజమైతే, పేర్లు లేకుండానే దొరికిపోతాయి."

"నిజం కాకపోతే?"

"అందరి ముందూ మునుగుతాను."

అతను తలుపు దగ్గర్నుంచి వెనక్కి వచ్చాడు. "ఇద్దరం మునుగుదాం," అన్నాడు. "నా పేరు కూడా పెట్టండి."

ఆమె మార్కరు తీసి ఫ్లాస్కుల మీద అ నుంచి ఏ దాకా, ఋ వదిలేసి, వరసగా అక్షరాలు రాసింది.

"ఇంకో సంగతి," అంది. "మీ లెక్క నాకు తెలియకూడదు, నా లెక్క మీకు తెలియకూడదు. ఎవరిది వాళ్లం మేడంకి పంపాలి. కమిటీ దాకా మనం మాట్లాడుకోకూడదు."

"పని గురించేనా?"

"మొత్తానికి. మీ ముఖం చూస్తే నాకు తెలిసిపోతుంది."

"నా ముఖం అంత చదివారా?"

ఆమె మార్కరు మూత పెట్టి మైక్రోస్కోపు గదిలోకి వెళ్లింది.

ఆ రోజంతా ఆమె అద్దానికి కళ్లు ఆనించి కూర్చుంది. ఫ్లాస్కు 'అ'లో మొదట్లో అన్నీ గుండ్రంగా ఉన్నాయి. కాసేపటికి ఒకదాని పక్కన బొడిపె వచ్చింది. తర్వాత ఇంకొకదానికి వచ్చింది. 'ఆ'లో రాలేదు. 'ఇ'లో రాలేదు. 'ఈ'లో ఒక్కసారిగా అన్నిటికీ వచ్చాయి. అది చూడగానే ఆమె తిరిగి, "చూశారా" అనబోయింది. వెనక కుర్చీ ఖాళీగా ఉంది.

'ఊ' మాత్రం ఆమెని ఏడిపించింది. కొన్నిటికి మొగ్గలు వచ్చాయి, కొన్నిటికి రాలేదు. మళ్లీ చూసినా అంతే. ఏదో ఒక రకం అని రాసేస్తే వరస నిండుతుంది. చెయ్యి రాలేదు. 'కలగలుపుగా ఉంది, చెప్పలేను' అని రాసి మేడంకి పంపేసింది.

మర్నాడు అతను పైన ఆర్‌ఎన్‌ఏ కొలుస్తున్నాడు. లిఫ్టులో ఎదురయ్యాడు. అతను గోడ వైపు తిరిగాడు. ఆమె లిఫ్టులో ఎంతమంది ఎక్కవచ్చో రాసిన రేకుని పై అంతస్తు దాకా చదువుతూనే ఉంది. క్యాంటీన్‌లో అతను ఆమె బల్ల దాకా వచ్చి, గుర్తొచ్చి, ట్రే పట్టుకుని వెనక్కి వెళ్లిపోయాడు.

"గొడవ పడ్డారా?" అంది క్యాంటీన్ ఆంటీ జాలిగా.

"లేదండీ."

"ఎవరిదమ్మా తప్పు?"

"రేపు చెబుతానండీ."

"రేపటి దాకా కోపం దాచుకుంటారా! మా రోజుల్లో సాయంత్రానికే తేల్చుకునేవాళ్లం."

కమిటీ గదిలో పొడవు బల్ల. ఒక చివర సందేహాల సార్, ముందు ఫోను, మంచినీళ్ల గ్లాసు. గైడ్ మేడం తెర మీద రెండు వరసలు పెట్టింది. ఒకటి ఆమెది, ఒకటి మడిబాబుది. ఆ రెండూ పక్కపక్కన చూడటం వాళ్లిద్దరికీ అదే మొదటిసారి. ఎనిమిది అక్షరాలకీ రెండు వరసలూ ఒకే మాట చెబుతున్నాయి. 'ఊ' దగ్గర అతను కూడా 'మిశ్రమం' అని రాశాడు.

ఆమె అతని వైపు చూసింది. అతను కిందికి చూస్తూ పెదవి కొరుక్కుంటున్నాడు.

"ఇద్దరూ ఒకరినొకరు చూసి రాశారేమో," అన్నాడు సార్.

"రెండు రోజుల నుంచి వాళ్లకి మాటల్లేవు సార్," అన్నారు వెనక కుర్చీలోంచి ఎవరో. "క్యాంటీన్‌లో అందరికీ తెలుసు."

సార్ కళ్లజోడు పెట్టుకుని ఫోను తీశాడు. "సరే. డీఎన్ఏ ఏమంటుందో చూద్దాం. అ: మామూలుది."

తెర మీద 'అ' పక్కన మామూలుది అనే ఉంది.

"ఆ: మార్చింది. ఇ: మార్చింది. ఈ: మామూలుది."

ఒక్కో అక్షరానికీ ఆయన ఫోనులోంచి తలెత్తి తెర చూసి మళ్లీ ఫోనులోకి దించుతున్నాడు. 'ఉ' కూడా కలిసింది. గదిలో కుర్చీల కిర్రు ఆగిపోయింది.

"ఊ," అని ఆగాడు ఆయన. ఫోను దగ్గరికి తెచ్చుకున్నాడు. "ఇదేంటి? రెండు రకాలూ ఉన్నాయంటోంది. మార్చిన జన్యువుని కొన్ని కణాలు వదిలించుకున్నాయట."

ఆమె తెర వైపు తిరిగింది. 'ఊ' పక్కన తను రాసిన 'చెప్పలేను' కనిపించింది. ఆగిపోయిన ఫ్లాస్కులో, ఆ జన్యువుని విదిలించుకున్న కొన్ని కణాలు మాత్రం మొగ్గ తొడిగాయి. ఆమె చూసింది అదే.

మిగిలిన రెండూ చదివాడు సార్. కలిశాయి. ఫోను బల్ల మీద బోర్లా పెట్టాడు.

"కాపలావాడి ఆర్డర్లు? అవి ఏ ఫ్లాస్కులో ఆగాయి?"

మడిబాబు లేచాడు. "ఎక్కడా ఆగలేదు సార్. అన్నిట్లో ఒకేలా వస్తూనే ఉన్నాయి. వాడు పోయిన చోట కూడా తయారీ జరుగుతూనే ఉంది. వాడు పోయింది కూల్చడం వల్లే. పోయిన చోటే మిగతా జన్యువులు తెరుచుకున్నాయి." ఆమె వైపు చూశాడు. "నేను కూడా ఇది నమ్మలేదు సార్. మొదట్లో వాదించాను. ఓడిపోయాను."

సార్ ఆమె వైపు తిరిగాడు. "అమ్మాయ్, నువ్వు ముందే ఒకటి అనుకుని చూసుంటే ఈ ఊకి ఏదో ఒక పేరు పెట్టేసేదానివి. తెలియదని రాశావు చూడు, అక్కడ నాకు నమ్మకం కుదిరింది." నీళ్లు తాగాడు. "చీపురు అన్నాను కిందటేడు. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. మినిట్స్‌లో రాయండి."

ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. గైడ్ మేడం, కమిటీల్లో ఎప్పుడూ నవ్వని మనిషి, లేచి నిలబడి మరీ కొట్టింది. ప్రాజెక్టు మూయడం మాట దేవుడెరుగు, థీసిస్ రాయడం మొదలుపెట్టమన్నారు.

మెట్ల దగ్గర అతను నిలబడి ఉన్నాడు.

"ఇప్పుడు మాట్లాడొచ్చా?"

"ముందు నేను," అంది ఆమె. ఊపిరి పీల్చుకుంది. "'ఈ'లో మొగ్గలన్నీ ఒకేసారి వచ్చాయి. అంత బాగా ఎప్పుడూ చూడలేదు. చూసి వెనక్కి తిరిగితే మీరు లేరు. నాలుగేళ్లు ఎదురుచూసింది దొరికితే, చెప్పడానికి మీరు లేరని బాధేసింది. అప్పుడు అర్థమైంది."

"ఏం అర్థమైంది?"

"అంతా నేనే చెప్పాలా?"

అతని ముఖం నిండా నవ్వు వచ్చింది. వెంటనే పోయింది.

"నేనూ ఒక సంగతి చెప్పాలి. తిట్టకూడదు."

"మళ్లీ ఏం తుడిచారు?"

"తుడవలేదు. నీతో మాట్లాడకూడదన్నావు. మాట తప్పలేదు. కానీ ఎవరితోనైనా చెప్పుకోకపోతే తల పగిలిపోయేలా ఉంది. అందుకని..."

"ఎవరితో చెప్పారు?"

"పద. చూపిస్తాను."

రెండు వీధులు నడిచాక ఎటు వెళ్తున్నారో ఆమెకి తెలిసిపోయింది. నమ్మబుద్ధి కాలేదు. నాన్న బల్ల మీద నల్లగుడ్డ ఒకటి పరిచి, అంచులు సరిచేస్తున్నాడు.

"ఏమైందమ్మా కమిటీ?"

"గెలిచాం నాన్నా."

నాన్న కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. ఆ పని రెండుసార్లు చేశాడు. ఆ తర్వాత అతని వైపు చూసి, "రా బాబూ, కూర్చో," అన్నాడు. ఆ పిలుపు కొత్తవాళ్లని పిలిచినట్టు లేదు.

"మీకు ఈయనతో ఇంత పరిచయం ఎప్పుడైంది?"

"నిన్న మధ్యాహ్నం వచ్చాడు. కోటు బొత్తాం ఊడిందన్నాడు. ఊడలేదు, తెంపుకొచ్చాడు. దారం చూస్తే తెలియదా నాకు? కుట్టిచ్చాక కూడా లేవలేదు. కణాల దగ్గర మొదలుపెట్టి నీ దగ్గర ముగించాడు."

"నాన్నా!"

"నీతోనే కదా మాట్లాడొద్దన్నది, నాతో కాదుగా? వాళ్లమ్మతో కూడా ఫోనులో మాట్లాడించాడు. ఆవిడ చాలా సంతోషపడింది. నీ పాటల సంగతి కూడా ఆవిడకి తెలుసు."

ఆమె అతని వైపు తిరిగింది. అతను గోడకి వేలాడుతున్న చొక్కాని శ్రద్ధగా చూస్తున్నాడు.

"ఈ గుడ్డ ఏంటి?" అంది.

"పెళ్లి కోటు. కొలతలు తీసుకున్నాను."

"నన్ను అడగకుండానే?"

"అందుకే తొందరపడలేదు," అన్నాడు నాన్న శాంతంగా. "సుద్ద గీతలు గీశాను. నువ్వు వద్దంటే దులిపేస్తే పోతాయి. కత్తెర మాత్రం నీ మాట విన్నాకే."

నాన్న సుద్దముక్క బల్ల మీద పెట్టాడు. అతను చొక్కా చూడటం మానేసి ఆమెని చూశాడు. కమిటీలో కూడా అంత భయం లేదు అతని ముఖంలో.

ఆమె గుడ్డ మీదికి వంగి గీతలు చూసింది. దర్జీ కూతురు, చదవడం తెలుసు.

"భుజం తప్పు కొలిచారు నాన్నా."

"నేనా? నలభై ఏళ్లలో..."

"మీ తప్పు కాదు. నిన్న మీకు భయపడి ముడుచుకుని నిలబడి ఉంటారు. ఈయన అసలు ఇలా ఉండరు. రండి, లేవండి."

అతను లేచి నిలబడ్డాడు. ఆమె నాన్న మెడలోంచి టేపు లాక్కుని, అతని వెనక్కి వెళ్లి, ముని వేళ్ల మీద లేచి భుజం నుంచి భుజానికి కొలిచింది. అతను ఊపిరి బిగబట్టి నిటారుగా నిలబడ్డాడు.

"చూడండి. అంగుళం ఎక్కువుంది."

నాన్న వంగి చూసి, సుద్ద తీసుకుని, పాత గీతని అరచేత్తో తుడిచేసి కొత్త గీత గీశాడు.

"ఇప్పుడు కోయనా?"

"కోయండి నాన్నా," అంది ఆమె.

నాన్న పెద్ద కత్తెర అందుకున్నాడు.